పాత డెస్క్‌టాప్‌కి మెమరీ, గ్రాఫిక్స్ కార్డు: ఎంతవరకు ఖర్చు పెట్టొచ్చు?

ఈ వారం మన కంప్యూటరు కబుర్లలో పాత డెస్క్‌టాప్ గురించి మాట్లాడుకుందాం. మన ఇళ్ళలో చాలామందికి పదేళ్ళు దాటిన డెస్క్‌టాప్ ఒకటి ఉంటుంది. ఆఫీసువాళ్ళు పాతవి తీసేస్తుంటే తక్కువ ధరకి తెచ్చుకున్నదో, ఈ దేశం వచ్చిన కొత్తల్లో కొనుక్కున్నదో అయ్యుంటుంది. పారెయ్యడానికి మనసొప్పదు, వాడదామంటే విసుగు పుట్టిస్తుంది. పిల్లలేమో "నాన్నా, గ్రాఫిక్స్ కార్డు కొను, ఆట ఆగి ఆగి వస్తోంది" అంటారు. అమ్మేమో "బడిపని తెరవడానికే ఐదు నిమిషాలు పడుతోంది, ముందు అది చూడండి" అంటుంది. ఇంటాయన "దీనిమీద ఇంకా డబ్బు తగలెయ్యడం ఎందుకు, కొత్తది కొనేద్దాం" అంటాడు. ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది. ఎవరి మాట ఎంత నిజమో తేల్చుకోకుండా కొట్టుకి వెళితే మాత్రం డబ్బు వృథా.

అందుకని ఇవాళ మూడు సంగతులు చెబుతాను. మన యంత్రానికి నిజంగా తక్కువైనది ఏమిటో ఎలా తెలుసుకోవాలి, అందులో ఏమేమి పడతాయి, ఎక్కడ ఆగిపోవాలి. ఈ మూడోది కొట్టువాళ్ళు చెప్పరు, మనమే చెప్పుకోవాలి.

అసలు విషయంలోకి వెళ్ళేముందు ఒక్క మాట. ఆ పాత పెట్టెలో అన్నిటికన్నా విలువైనది మెమరీ కాదు, ప్రాసెసరు కాదు. పిల్లల చిన్నప్పటి ఫొటోలు, అమ్మమ్మా తాతయ్యా ఇక్కడికి వచ్చినప్పుడు తీసిన వీడియోలు, ఇమ్మిగ్రేషన్ కాగితాల స్కాన్లు, టాక్సు రిటర్నులు. ఇవన్నీ చాలా ఇళ్ళలో ఒకే ఒక్క హార్డ్‌డిస్కు మీద ఉంటాయి. హార్డ్‌డిస్కు అనేది లోపల గిరగిరా తిరిగే పళ్ళెం. పదేళ్ళు తిరిగినది ఏ రోజైనా ఆగిపోవచ్చు. కాబట్టి స్క్రూడ్రైవరు పట్టుకునే ముందు ఒక బయటి డిస్కు కొని, ఆ ఫొటోలూ కాగితాలూ అన్నీ దానిమీదకి కాపీ చెయ్యండి. కాపీ అయ్యాక ఆ డిస్కుని ఇంకో కంప్యూటరుకి తగిలించి నాలుగైదు ఫొటోలు తెరిచి చూడండి. అవి తెరుచుకుంటేనే మిగతా పని మొదలుపెట్టండి.

సరే, ఇప్పుడు లోపల ఎవరి పని ఏమిటో చూద్దాం. వంటిల్లు ఊహించుకోండి. ప్రాసెసరు వంటమనిషి. హార్డ్‌డిస్కు సామాన్ల గది. మెమరీ అంటే వంటింటి గట్టు. ఇప్పుడు వండుతున్నవన్నీ గట్టుమీద ఉండాలి. గట్టు చిన్నదైతే ఏం చేస్తాం? తరిగిన కూరముక్కల పళ్ళెం తీసుకెళ్ళి సామాన్ల గదిలో పెట్టి, పప్పు గిన్నెకి చోటు చేస్తాం. ఒక నిమిషం పోయాక మళ్ళీ ఆ పళ్ళెం తెచ్చుకుంటాం. వంటకన్నా నడకే ఎక్కువైపోతుంది. కంప్యూటరులో మెమరీ నిండిపోతే విండోస్ చేసేది అచ్చంగా ఇదే. ఆ నడక ఎంత దూరమో తెలుసా? మెమరీలోంచి ఒక ముక్క తీసుకోవడానికి సుమారు సెకనులో కోటో వంతు పడుతుంది. పాతకాలపు హార్డ్‌డిస్కు మీద వెతికి తేవడానికి సెకనులో నూరో వంతు పడుతుంది. అంటే దాదాపు లక్ష రెట్లు తేడా. అందుకే మెమరీ చాలనప్పుడు మౌసు కదిపినా కంప్యూటరు ఉలకదు, పలకదు.

ఇక గ్రాఫిక్స్ కార్డు. దాన్ని పెళ్ళి పందిట్లో వడ్డించేవాళ్ళ దండు అనుకోండి. వంటమనిషి నలుగురే, అన్ని వంటలూ వచ్చినవాళ్ళు. వడ్డించేవాళ్ళకి వంట రానక్కర్లేదు, తలా ఒక విస్తరి చూసుకుంటే చాలు, కానీ వందలమంది ఉండాలి. తెరమీద లక్షల చుక్కలుంటాయి. ఒక్కో చుక్కకి ఏ రంగు వెయ్యాలో సెకనుకి అరవైసార్లు లెక్కవెయ్యాలంటే ఇలాంటి దండు కావాలి. 2014 నాటి ఇంటెల్ కోర్ ఐ5 4590 ప్రాసెసరులో నాలుగు కోర్లుంటాయి. 2019లో వచ్చిన ఎన్విడియా జీటీఎక్స్ 1650 అనే మామూలు కార్డులో చిన్న చిన్న లెక్కలు చేసే కోర్లు 896. పోలిక అర్థమైంది కదా.

ఇప్పుడు మన పెట్టెలో కొరత దేనికుందో చూడాలి. దీనికి ఏమీ కొనక్కర్లేదు. కంప్యూటరు ఎప్పుడు విసిగిస్తుందో ఆ పనే మొదలుపెట్టండి. బడిపనైతే బడిపని, ఆటైతే ఆట. అది నడుస్తుండగా కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పర్ఫార్మెన్స్ అన్నచోట నొక్కితే ప్రాసెసరు, మెమరీ, డిస్కు, గ్రాఫిక్స్ ఒక్కొక్కటీ ఎంతమేరకు నిండిందో గీతలు కనిపిస్తాయి.

మెమరీ 90 శాతం దగ్గర ఉండి డిస్కు 100 శాతం కొట్టుకుంటూ ఉంటే గట్టు చాలడంలేదన్నమాట. మెమరీ చూడాలి. మెమరీ సగమే నిండి, డిస్కు మాత్రం 100 దగ్గరే ఉంటే డిస్కు మార్చాలి. ఆట ఆడుతుండగా గ్రాఫిక్స్ 100కి అంటుకుని, ప్రాసెసరు 50, 60 దగ్గర ఉంటే అప్పుడు గ్రాఫిక్స్ కార్డు అడిగిన పిల్లవాడి మాట నిజం. ప్రాసెసరే 100 దగ్గర ఉంటే ఎంత పెద్ద కార్డు పెట్టినా ఒరిగేదేమీ లేదు. వంట కాకపోతే వడ్డించేవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. మీరు చూసిన అంకెలు ఒక కాగితంమీద రాసిపెట్టుకోండి, పని అయ్యాక పోల్చుకోవడానికి పనికొస్తాయి.

ఊరికే చెప్పుకుంటూ పోకుండా ఒక యంత్రాన్ని ఉదాహరణగా తీసుకుందాం. డెల్ ఆప్టిప్లెక్స్ 9020. 2013లో వచ్చింది. ఆఫీసుల్లో వేలకి వేలు వాడారు, తీసేశాక మనలాంటివాళ్ళ ఇళ్ళకి చేరాయి. ఇంటెల్ 4వ తరం ప్రాసెసరు, నాలుగు మెమరీ స్లాట్లు, గరిష్ఠంగా 32 జీబీ. పెద్ద టవరు, సన్న పెట్టె, ఇంకా చిన్నవి, ఇలా రకరకాల సైజుల్లో వచ్చింది. మీ దగ్గరున్నది హెచ్‌పీ కావచ్చు, లెనోవో కావచ్చు, చూసే పద్ధతి మాత్రం ఇదే. పెట్టె వెనకో పక్కనో మోడల్ పేరు ఉంటుంది. తయారుచేసినవాళ్ళ సైటులో ఆ మోడల్ మాన్యువల్ ఉచితంగా దొరుకుతుంది. అది దించుకుని పక్కన పెట్టుకోండి. ఒక జాగ్రత్త: డెల్ పాత పేర్లే కొన్ని కొత్త యంత్రాలకి కూడా పెట్టింది. ఆప్టిప్లెక్స్ 7010 అని 2012లోనూ ఉంది, 2023లోనూ ఉంది. మాన్యువల్ మీద సంవత్సరం చూసుకోండి.

మెమరీతో మొదలుపెడదాం. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 అని తరాలున్నాయి. ఒకదాని చోట ఇంకొకటి పట్టదు. కింద అంచులో ఉండే గాటు ఒక్కో తరానికి ఒక్కో చోట ఉంటుంది, పొరపాటున కూడా దూరకూడదనే అలా చేశారు. మన ఉదాహరణ యంత్రానికి డీడీఆర్3 కావాలి, వేగం 1600. టవరులోనూ సన్న పెట్టెలోనూ పొడుగు మెమరీ పడుతుంది. బాగా చిన్న పెట్టెల్లో లాప్‌టాపులకి వాడే పొట్టి మెమరీ పడుతుంది. ఇప్పుడెన్ని స్లాట్లు నిండి ఉన్నాయో టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలోనే రాసి ఉంటుంది, మూత తెరవక్కర్లేదు.

జతలుగా కొనండి. 8 జీబీది ఒకటి కొనడంకన్నా 4 జీబీవి రెండు మేలు. వాటిని ఒకే రంగు ఉన్న రెండు స్లాట్లలో పెడితే ప్రాసెసరు రెండు దారుల్లోనూ ఒకేసారి చదువుకుంటుంది. డీడీఆర్3 1600 మెమరీ ఒక దారిలో సెకనుకి 12.8 జీబీ అందిస్తే, రెండు దారుల్లో 25.6 జీబీ అందిస్తుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ఇళ్ళలో దీనికి ఇంకో లాభం ఉంది. ప్రాసెసరులోనే ఉండే గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ లేదు, ఇదే మెమరీలోంచి అప్పు తీసుకుంటుంది. కాబట్టి జత మెమరీ పెడితే బొమ్మ కూడా కొంత మెరుగవుతుంది.

ఎంత కావాలి? 4 జీబీ ఉంటే ఈ రోజుల్లో చాలదు. బ్రౌజరులో పది టాబులు, పక్కన జూములో తెలుగు తరగతి కలిసేసరికే నిండిపోతుంది. 8 జీబీతో బడిపని, బిల్లులు, వీడియో కాల్స్ హాయిగా నడుస్తాయి. ఆటలూ వీడియో ఎడిటింగూ ఉన్న ఇంటికి 16 జీబీ పెట్టండి. పదేళ్ళ యంత్రంలో 32 జీబీకి పెట్టే డబ్బు మామూలు ఇంట్లో పనికిరాదు. ఇంకోటి, మీ విండోస్ 32 బిట్‌ది అయితే 4 జీబీకి మించి ఎంత పెట్టినా వాడుకోలేదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ అన్నచోట చూస్తే ఏ రకమో తెలుస్తుంది.

ఆన్‌లైనులో పాత మెమరీ కొనేటప్పుడు రెండు ఉచ్చులు ఉన్నాయి. సర్వర్లలోంచి తీసిన రిజిస్టర్డ్ మెమరీ చాలా చవగ్గా కనిపిస్తుంది. చూడ్డానికి అలాగే ఉంటుంది, మన డెస్క్‌టాప్‌లో పనిచెయ్యదు. రెండోది, అడుగున చిన్న అక్షరాల్లో "ఏఎండీకి మాత్రమే" అని రాసి ఉండే 8 జీబీ మెమరీ. అది ఇంటెల్ యంత్రంలో పనిచెయ్యదు. వర్ణన చివరిదాకా చదివి, వాపసు తీసుకుంటారో లేదో కూడా చూసుకుని కొనండి.

డిస్కు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పాత హార్డ్‌డిస్కు సెకనుకి 100, 150 ఎంబీ చదివితే, మామూలు సాటా ఎస్ఎస్‌డీ 500 పైన చదువుతుంది. అంతకన్నా ముఖ్యం, ఎస్ఎస్‌డీలో తిరిగే పళ్ళెం లేదు, వెతుకులాట దాదాపు ఉండదు. మెమరీ 8 జీబీ ఉండి ఇంకా హార్డ్‌డిస్కే వాడుతుంటే, ముందు ఎస్ఎస్‌డీ పెట్టించండి. "కొత్త కంప్యూటరులా ఉందే" అని ఇంట్లోవాళ్ళు అనేది సాధారణంగా ఈ మార్పుకే.

పాట విన్నారు కదా, మళ్ళీ మన విషయంలోకి వద్దాం. ఇప్పుడు గ్రాఫిక్స్ కార్డు.

ముందుగా, అందరికీ ఇది అక్కర్లేదు. మెయిలు, బ్యాంకు, బడిపని, బ్రౌజరులో చేసుకునే స్క్రాచ్ ప్రోగ్రాములు, వీటికి ప్రాసెసరులో ఉన్న గ్రాఫిక్సే చాలు. కార్డు అవసరమయ్యేది త్రీడీ ఆటలకి, వీడియో ఎడిటింగుకి. ఇంకో సందర్భం కూడా ఉంది, చాలామందికి తెలియదు. 2017 నుంచి ఐఫోన్లు వీడియోని హెచ్ఈవీసీ అనే పద్ధతిలో బాగా కుదించి దాస్తున్నాయి. దాన్ని మళ్ళీ విప్పడానికి కొత్త చిప్పుల్లో ప్రత్యేకమైన భాగం ఉంటుంది. 4వ తరం ఇంటెల్ గ్రాఫిక్సులో అది పూర్తిగా లేదు. అందుకని విప్పే భారమంతా ప్రాసెసరు మీద పడి, పెళ్ళి వీడియో ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. అలాంటి ఇంటికి మామూలు కార్డు ఒకటి పెట్టినా ఉపశమనం దొరుకుతుంది.

కార్డు ఎంచుకునేముందు మూడు హద్దులు చూసుకోవాలి: కరెంటు, చోటు, తీగ.

కరెంటు లెక్క చూద్దాం. కార్డు దూర్చే పొడవాటి స్లాటు తనంతట తాను 75 వాట్ల వరకు ఇవ్వగలదు. అంతకు మించి కావాల్సిన కార్డులకి పవర్ సప్లై నుంచి విడిగా తీగ రావాలి. ఆరు పిన్నుల తీగ ఇంకో 75 వాట్లు, ఎనిమిది పిన్నులది 150 వాట్లు ఇస్తుంది. ఆఫీసు యంత్రాల్లో చాలావాటికి ఈ తీగలు ఉండనే ఉండవు. 9020 టవరులో పవర్ సప్లై 290 వాట్లు, సన్న పెట్టెలో 255. కోర్ ఐ5 4590 ప్రాసెసరు 84 వాట్లు, కార్డు 75, బోర్డు, డిస్కులు, ఫ్యానులు కలిపి ఒక 50 అనుకుందాం. మొత్తం 209. 290లో హాయిగా ఇమిడిపోతుంది. అదే 200 వాట్ల కార్డు తెచ్చి పెడితే ఆట మధ్యలో యంత్రం టక్కున ఆరిపోతుంది. "పవర్ సప్లై మార్చేస్తే పోలా?" అని అడుగుతారు. 9020లో బోర్డుకి వెళ్ళే కరెంటు తీగ అందరూ వాడే 24 పిన్నులది కాదు, డెల్ సొంత 8 పిన్నులది. బజారులో దొరికే పవర్ సప్లై నేరుగా తగలదు, అడాప్టరు వెతుక్కోవాలి. అక్కడికి వచ్చేసరికి ఖర్చు పెరిగిపోతుంది. విడి తీగ అక్కర్లేని కార్డు దగ్గరే ఆగమని నా సలహా.

తర్వాత చోటు. టవరైతే మామూలు ఎత్తు కార్డు పడుతుంది. సన్న పెట్టెకి లో ప్రొఫైల్ అనే పొట్టి కార్డు, దాంతోపాటు పొట్టి ఇనప పట్టీ కూడా కావాలి. స్కేలు తీసుకుని లోపల పొడవు కొలవండి, డిస్కు అరలకి తగులుతుందేమో చూడండి. కొన్ని కార్డులు రెండు స్లాట్ల మందం ఉంటాయి, పక్క స్లాటులో ఇంకేదైనా కార్డు ఉంటే అడ్డం వస్తుంది. 9020 టవరులో పొడవాటి స్లాట్లు రెండున్నాయి. ప్రాసెసరుకి దగ్గరగా ఉన్నదే గ్రాఫిక్స్ కోసం. రెండోది చూడ్డానికి అంతే పొడవున్నా లోపల దారులు నాలుగే.

మూడోది మానిటరు తీగ. పాత మానిటర్లకి నీలం రంగు వీజీఏ తీగ మాత్రమే ఉంటుంది. జీటీఎక్స్ 1050 తరం నుంచి కార్డుల్లో ఆ పాత సిగ్నలు రావడం మానేసింది. అప్పుడు మానిటరుకి హెచ్‌డీఎంఐ లేదా డిస్‌ప్లేపోర్టు ఉందేమో చూడండి. లేకపోతే సిగ్నలు మార్చే అడాప్టరు కొనాలి, ఉత్త తీగ సరిపోదు.

ఈ హద్దుల్లో ఒదిగే కార్డులు కొన్ని చెబుతాను. జీటీఎక్స్ 1650, 4 జీబీ, 75 వాట్లు. ఇందులోనే కొన్ని మోడళ్ళకి ఆరు పిన్నుల తీగ కావాలి, అది అక్కర్లేనిది చూసి కొనండి. 2016 నాటి జీటీఎక్స్ 1050 టీఐ కూడా 75 వాట్లదే, పాతవి బాగా దొరుకుతాయి. కానీ ఆ తరం కార్డులకి కొత్త ఆటలకోసం ఇచ్చే డ్రైవర్లని ఎన్విడియా 2025 అక్టోబరుతో ఆపేసింది. 2028 అక్టోబరు వరకు భద్రతా సవరణలు మాత్రం ఇస్తామంది. కాబట్టి చాలా చవగ్గా వస్తేనే తీసుకోండి. 2024లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050లో 6 జీబీ రకం 70 వాట్లే. అది బాగుంటుంది, కానీ పాత నాలుగు కోర్ల ప్రాసెసరు పక్కన దాని బలమంతా బయటికి రాదు. తర్వాత కొత్త యంత్రంలోకి మార్చుకుందామనుకుంటే మాత్రం అర్థముంది.

తీసుకోకూడనివి కూడా చెప్పాలి. ఏఎండీ ఆర్ఎక్స్ 6400 కార్డు నాలుగు దారులే వాడుతుంది. కొత్త బోర్డులో ఫరవాలేదు, పాత బోర్డులో ఆ దారుల వేగం సగమే కాబట్టి నష్టపోతుంది. వీడియో ఎడిటింగులో పనికొచ్చే ఎన్‌కోడరు కూడా అందులో లేదు. ఇంటెల్ ఆర్క్ ఏ380కి రీసైజబుల్ బార్ అనే సదుపాయం బోర్డులో ఉండాలి, అంత పాత బోర్డుల్లో మామూలుగా అది ఉండదు. ఇక జీటీ 1030 అని ఒకటుంది. పేరు ఒకటే, రకాలు రెండు. 2017లో వచ్చినదాంట్లో జీడీడీఆర్5 మెమరీ, సెకనుకి 48 జీబీ వేగం. 2018లో అదే పేరుతో డీడీఆర్4 మెమరీ పెట్టి ఇంకోటి అమ్మారు, దాని వేగం 17 జీబీ లోపే. డబ్బామీద ఏ రకమో చదవకుండా కొనకండి.

వాడిన కార్డు కొంటున్నారా? 2022 సెప్టెంబరులో ఈథీరియం మైనింగు ఆగిపోయాక రాత్రీ పగలూ అరిగిన కార్డులు బజారులోకి చాలా వచ్చాయి. ఫ్యాను చప్పుడు వినండి, వీలైతే ముందు నడిపి చూడండి. పాత చిప్పుకి కొత్త పేరు తగిలించి అమ్మే దొంగ కార్డులు కూడా ఉన్నాయి. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాము నడిపితే లోపలి చిప్పు అసలు పేరు బయటపడుతుంది. వాపసు గడువు తీరకముందే ఈ పరీక్ష చెయ్యండి.

సరుకు ఇంటికొచ్చింది. ఇక బిగించాలి. కంప్యూటరు ఆపి, గోడలోంచి తీగ పీకి, పవరు బటను పది సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కాస్త కరెంటు ఖాళీ అవుతుంది. ఇక్కడ చలికాలంలో హీటరు వేసుకుని, ఉన్ని సాక్సులతో కార్పెట్ మీద తిరిగి తలుపు పిడి ముట్టుకుంటే చురుక్కుమంటుంది కదా. మనకి ఆ చురుకు తెలియాలంటేనే సుమారు 3000 వోల్టులు ఉండాలి. అంతకన్నా చాలా తక్కువకే, మనకి తెలియకుండానే చిప్పు దెబ్బతినొచ్చు. అందుకని కార్పెట్ లేని గదిలో, కొయ్య బల్లమీద, చెప్పులూ సాక్సులూ లేకుండా పనిచెయ్యండి. మధ్య మధ్యలో పెట్టె ఇనప చట్రాన్ని ముట్టుకోండి. కార్డుల్ని అంచులు పట్టుకునే తియ్యాలి.

మెమరీకి రెండు చివరలా ఉన్న కొక్కేలు వెనక్కి తోసి, గాటు సరిచూసుకుని, రెండు బొటనవేళ్ళతో సమంగా నొక్కండి. కొక్కేలు టక్కున పడితేనే కూర్చున్నట్టు. గ్రాఫిక్స్ కార్డుకి వెనకున్న ఇనప రేకు తీసి, స్లాటులో తిన్నగా దింపి, స్క్రూ బిగించండి. మూత తెరిచే ఉంది కాబట్టి దుమ్ము దులిపెయ్యండి. బోర్డుమీద రూపాయి బిళ్ళంత సీఆర్2032 బ్యాటరీ ఉంటుంది. గడియారం తప్పు చూపిస్తుంటే అది కూడా మార్చండి, పెద్ద ఖర్చు కాదు.

ఆన్ చేశాక డెల్ యంత్రం "మెమరీ మారింది" అని హెచ్చరిక చూపిస్తుంది. కంగారు పడకండి, కొనసాగించమని నొక్కండి. అసలు ఏమీ కనిపించకుండా పవరు లైటు నారింజ రంగులో మిణుకుమంటే, ఆపేసి మెమరీ తీసి మళ్ళీ గట్టిగా కూర్చోబెట్టండి. చాలాసార్లు అంతే ఉంటుంది. కార్డు పెట్టాక మానిటరు తీగని బోర్డునుంచి తీసి కార్డుకే తగిలించాలి. ఇది మర్చిపోయి కార్డు పాడైందనుకునేవాళ్ళు చాలామంది. డ్రైవరు తయారీదారు సైటునుంచే దించుకోండి. ఆ రాత్రి మెమ్‌టెస్ట్86 నడిపి పడుకోండి. పొద్దున ఒక్క తప్పు చూపించినా ఆ మెమరీ వాపసు ఇచ్చెయ్యండి. తప్పు మెమరీ ఆటని ఆపడమే కాదు, మీరు దాచుకునే ఫైళ్ళని కూడా పాడుచేస్తుంది.

ఇప్పుడు మూడో సంగతి, ఎక్కడ ఆగాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇళ్ళలో వాడేవాళ్ళు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా సవరణలు అందేలా ఒక ఏర్పాటు పెట్టింది. విండోస్ 11కి ఇంటెల్‌లో 8వ తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసరు, టీపీఎం 2.0 అనే భద్రతా భాగం కావాలి. మన ఉదాహరణలోని 4వ తరం యంత్రానికి మీరు 32 జీబీ పెట్టినా, ఎంత మంచి కార్డు పెట్టినా, మైక్రోసాఫ్ట్ జాబితాలోకి అది రాదు. దొడ్డిదారిన ఎక్కించే పద్ధతులు ఉన్నాయి, కానీ బ్యాంకు పనులు చేసే యంత్రం మీద ఆ ప్రయోగం వద్దు.

దీని బట్టి నేను పెట్టుకున్న లెక్క ఒకటి చెబుతాను. 8వ తరం ప్రాసెసరున్న, బాగుచేసి అమ్మే ఆఫీసు డెస్క్‌టాప్ ధర ఎంతుందో ముందు కనుక్కోండి. మీ పాతదానిమీద పెట్టబోయే మొత్తం అందులో సగం దాటితే ఆగిపోండి, ఆ డబ్బు కొత్తదానికి దాచుకోండి. ధర కనుక్కునేది కూడా కొనే రోజునే. 2025 చివరి నెలల్లో కంపెనీలు కృత్రిమ మేధ డేటా సెంటర్లకి చిప్పులు మళ్ళించడంతో మెమరీ ధరలు విపరీతంగా పెరిగాయి. నిరుడు స్నేహితుడు కొన్న ధర ఈసారికి పనికిరాదు. మీ యంత్రం 8వ తరందో ఆ పైదో అయితే మాత్రం ధైర్యంగా ఖర్చు పెట్టొచ్చు.

4వ తరం యంత్రం ఉన్నవాళ్ళు నిరుత్సాహపడక్కర్లేదు. మెమరీ 8 జీబీకి పెంచి, ఎస్ఎస్‌డీ పెట్టి, లినక్స్ మింట్ ఎక్కించండి. అది ఉచితం, భద్రతా సవరణలూ అందుతాయి. బ్రౌజరు, బడిపని, జూము, మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ అన్నీ నడుస్తాయి. ఫోర్ట్‌నైట్ మాత్రం లినక్సులో ఆడలేరు. ఆ సంగతి పిల్లలకి ముందే చెప్పండి. అన్నీ అయ్యాక చెబితే అలుగుతారు.

ఇండియాలో అమ్మానాన్నలకి పంపుదామనుకునేవాళ్ళకి ఒక హెచ్చరిక. కొన్ని పాత పవర్ సప్లైల వెనక 115, 230 అని రాసిన చిన్న ఎర్ర స్విచ్చి ఉంటుంది. ఇక్కడ 115 మీద ఉన్నది అలాగే తీసుకెళ్ళి అక్కడ ప్లగ్గులో పెడితే ఢాం అంటుంది. ముందే 230కి మార్చి పంపండి. స్విచ్చి లేనివాటి మీద 100 నుంచి 240 అని రాసి ఉంటే భయం లేదు.

చివరగా, మూత తెరిచే రోజున పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. టాస్క్ మేనేజర్లో అంకెలు వాళ్ళచేతే చదివించండి, వాట్లు వాళ్ళచేతే కూడించండి, స్కేలుతో వాళ్ళనే కొలవనివ్వండి. "కొను" అన్న పిల్లవాడు ఏది కొనాలో, ఎందుకు కొనాలో, కొనకూడదని తేలితే అది ఎందుకో తానే చెబుతాడు. అప్పుడు మీరు వద్దన్నా వాడికి కోపం రాదు, లెక్క వాడిదే కదా.

వచ్చేవారం ఇంట్లో వైఫై అన్ని గదులకీ ఎందుకు అందదో మాట్లాడుకుందాం.